కారు తిన్నగా, స్టీరింగు వంకరగా

పాత కారును కొనబోయే మనిషి ముందుగా రంగు చూస్తాడు. తలుపు వేసి దాని శబ్దం వింటాడు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడిగి, చెప్పిన అంకెలో సగం మాత్రమే నమ్ముతాడు. బానెట్ ఎత్తి, తనకు అర్థమైనా కాకపోయినా, ఇంజను వంక గంభీరంగా ఒకసారి చూస్తాడు. ఆ తర్వాత అమ్మేవాడిని పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా నడిపి వస్తాడు. ఈ తతంగమంతటిలో అతని కళ్లెదుటే ఉండి కూడా అతని దృష్టికి రాని సాక్షి ఒకటున్నది. అది స్టీరింగు. కారు తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగు మధ్యనున్న కంపెనీ ముద్ర నిటారుగా నిలబడి ఉన్నదా, లేక గోడమీద వంకరగా తగిలించిన పటంలా ఒక పక్కకు ఒరిగి ఉన్నదా?

ఒరిగి ఉన్నదని గమనించినా చాలామంది దానిని లక్ష్యపెట్టరు. కారు తిన్నగానే పోతున్నది గదా అంటారు. నాలుగు రోజులు నడిపితే చేతికి అలవాటవుతుంది. అమ్మేవాడు కూడా, “అది చిన్న అలైన్‌మెంటు పని, అరగంటలో అయిపోతుంది” అని తేలికగా కొట్టివేస్తాడు. చాలా సందర్భాలలో అతని మాట నిజమే. కాని కొన్ని సందర్భాలలో ఆ ఒరిగిన స్టీరింగు, కారు గతంలో పడిన దెబ్బకు మిగిలిన ఏకైక గుర్తు. రంగు వేసి, డెంట్లు తీసి, సీట్లకు కొత్త కవర్లు తొడిగిన తర్వాత కూడా మాయని గుర్తు.

ఈ సంగతి అర్థం కావాలంటే, స్టీరింగుకూ రోడ్డుమీది చక్రాలకూ నడుమ ఏమున్నదో తెలియాలి. నేటి కార్లలో అధిక భాగానికి ఉన్నది ర్యాక్ అండ్ పినియన్ అనే ఏర్పాటు. స్టీరింగు కడ్డీ చివర ఒక చిన్న పళ్లచక్రం ఉంటుంది, అదే పినియన్. దాని కింద అడ్డంగా, ఒక వైపు పళ్లు కోసిన పొడుగాటి కడ్డీ ఉంటుంది; అది ర్యాక్. స్టీరింగు తిప్పితే పినియన్ తిరిగి ర్యాకును ఎడమకో కుడికో జరుపుతుంది. ర్యాక్ రెండు కొసలనుంచి టై రాడ్లనే రెండు చేతులు బయలుదేరి చక్రాలను పట్టుకుని ఉంటాయి. ఇది ఈనాటి వింత కాదు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ను అనుసరించి ఉత్తర్‌పాడాలో తయారై, 2014 దాకా మన రోడ్లను ఏలిన అంబాసిడర్‌కు ఉన్నది ర్యాకే. 1983 డిసెంబరు 14న మొదటి బండి తాళాలు అందిన నాటినుంచి 2014 జనవరి వరకు తయారైన మారుతీ 800కు ఉన్నదీ అదే. ఫియట్ 1100 వారసురాలైన ప్రీమియర్ పద్మినిలో మాత్రం స్టీరింగు బాక్సు, దానికి అనుబంధంగా కడ్డీల వరుస ఉండేవి.

చక్రాలు రెండూ ఒకే కోణంలో తిరగవన్నది ఇందులో మరొక విశేషం. మలుపులో లోపలి చక్రం చిన్న వలయంలోను, బయటి చక్రం పెద్ద వలయంలోను పోవాలి గనుక లోపలిది కాస్త ఎక్కువగా తిరగాలి. ఈ సూక్ష్మాన్ని 1750ల చివరలోనే తన గుర్రపు బండికోసం ఆలోచించిన వాడు ఎరాస్మస్ డార్విన్. ఆయన వృత్తిరీత్యా వైద్యుడు, ప్రవృత్తిరీత్యా కవి, పరిణామవాది చార్లెస్ డార్విన్‌కు తాత. తర్వాత మ్యూనిక్‌లో బండ్లు తయారుచేసే లాంకెన్‌స్పెర్గర్ 1817లో దీనిని రూపొందించగా, అతని తరఫున 1818లో లండన్‌లో పేటెంటు తీసుకున్నవాడు రుడాల్ఫ్ ఆకర్‌మన్. ఈ ఆకర్‌మన్ మెకానిక్ కాదు. అందమైన రంగుల బొమ్మల పుస్తకాలు అచ్చువేసి అమ్మే ప్రకాశకుడు! పుస్తకాల షాపు యజమాని పేరు నేటికీ ప్రపంచంలోని ప్రతి మోటారు షెడ్డులోను వినబడుతున్నదంటే చరిత్రకు హాస్యప్రియత్వం ఉన్నదనే అనుకోవాలి.

ఇక స్టీరింగు వంకర విషయం. మొదట తేల్చుకోవలసినది ఒకటున్నది. స్టీరింగు ఒరిగి ఉండటం వేరు, బండి ఒక పక్కకు లాగటం వేరు. రెండూ చూడటానికి ఒకలాగే ఉంటాయి. బండి ఎడమకు లాగుతుంటే డ్రైవరు తెలియకుండానే స్టీరింగును కుడికి పట్టి ఉంచుతాడు; అప్పుడు ముద్ర కుడికి ఒరిగి కనబడుతుంది. రద్దీ లేని, తిన్నని, చదునైన రోడ్డుమీద, తక్కువ వేగంలో పట్టును ఒక్క క్షణం సడలించి చూస్తే తేడా బయటపడుతుంది. స్టీరింగు ఒరిగే ఉండి కారు తిన్నగా సాగిపోతే అది మొదటి రకం. కారు తనంతట తాను పక్కకు జరిగితే రెండవ రకం.

రెండవ రకానికి కారణాలు చాలావరకు చౌకైనవే. ఎడమ టైరులో గాలి తగ్గినా బండి ఎడమకు లాగుతుంది. ఒక చక్రానికి బ్రేకు పూర్తిగా వదలక రాసుకుంటున్నా లాగుతుంది. కొంతదూరం నడిపి ఆపిన తర్వాత ఆ చక్రం దగ్గర చెయ్యి పెడితే మిగతా వాటికన్నా వేడిగా తగులుతుంది. టైరు లోపలి అల్లికలో లోపమున్నా లాగుతుంది. ముందు టైర్లను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి చూస్తే లాగుడు కూడా దిక్కు మార్చుకుంటుంది, నేరం టైరుదేనని తేలిపోతుంది. అన్నిటికీ మించి రోడ్డు వాలు ఒకటున్నది. వాన నీరు నిలవకుండా మన తారు రోడ్లను నడుమ ఎత్తుగా, అంచులకు నూటికి రెండు, రెండున్నర పాళ్ల వాలుతో వేస్తారు. ఎడమ పక్కన నడిచే మన బండ్లు ఆ వాలుకు ఎడమకు కొంచెం జారడం సహజం. దానిని రోగమనుకుని మెకానిక్కుకు డబ్బు పోసేవారు లేకపోలేదు. ఒకే రోడ్డులో, వీలైతే నడిమధ్యగా, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ చూసి నిర్ధారించుకోవటం మేలు.

మొదటి రకం అంటే, కారు తిన్నగానే పోతూ స్టీరింగు మాత్రం ఒరిగి ఉండటం, అసలైన చిక్కు. ఇందుకు మార్గాలు మూడు. టై రాడ్లలో ఒకటి పొడుగుగాను ఒకటి పొట్టిగాను సర్ది ఉండవచ్చును. స్టీరింగును ఎవరో ఊడదీసి తప్పు పంటిమీద బిగించి ఉండవచ్చును. లేదా ఏదో ఒక భాగం వంగి ఉండవచ్చును. మొదటిది అశ్రద్ధ. రెండవది చాలాసార్లు మోసం. మూడవది ప్రమాదం.

వీటిని వేరుచేసే పరీక్షకు కావలసినది ఒక రంగు టేపు ముక్క మాత్రమే. ముందు చక్రాలను జాకీమీద లేపి, కింద గట్టి స్టాండ్లు పెట్టి, స్టీరింగు పైభాగాన టేపు అంటించి, ఒక చివరినుంచి రెండవ చివరిదాకా పూర్తిగా తిప్పి ఎన్ని చుట్లో లెక్కించాలి. మూడున్నర చుట్లు వచ్చాయనుకుందాం. ఒక చివరినుంచి ఒకటిముప్పావు చుట్లు వెనక్కి తిప్పితే ర్యాకు ఇంచుమించుగా నట్టనడుమకు వస్తుంది. ఇప్పుడు స్టీరింగు నిటారుగా ఉంటే అది బిగించవలసిన చోటనే బిగించి ఉన్నదన్నమాట. లోపం టై రాడ్లలోనో వాటికి ఆవలనో ఉన్నది. అలా కాక ర్యాకు నడుమనున్నా స్టీరింగు ఒరిగి ఉంటే, దానిని ఎవరో కదిపారు.

ఎందుకు కదుపుతారు? అమ్మకానికి పెట్టిన కారును తొందరగా తిన్నగా కనిపించేలా చేయటానికి అంతకన్న దగ్గరి దారి లేదు. నడుమనున్న నట్టు విప్పి, స్టీరింగును పైకి లాగి, కొంచెం తిప్పి మళ్లీ దిగ్గొడితే ముద్ర నిటారుగా నిలబడుతుంది. పది నిమిషాల పని. కాని స్టీరింగు కూర్చునే కడ్డీ చుట్టూ స్ప్లైన్లనే సన్నని పళ్లుంటాయి. అవి 36 అనుకుంటే ఒక్క పన్ను జరిపితే 10 డిగ్రీలు తిరుగుతుంది. ఆరు డిగ్రీల వంకరను దీనితో సరిచేయబోతే నాలుగు డిగ్రీల వంకర రెండవ పక్కకు వస్తుంది. పైగా ర్యాకు నడుమనుంచి తప్పుకునే ఉంటుంది గనుక కారు ఒక పక్కకు ఇరుకు సందులో తిరుగుతుంది, రెండవ పక్కకు తిరగదు. మలుపు తీసుకున్న తర్వాత ఇండికేటరు ఒక వైపు తొందరగా ఆరిపోతుంది, మరొక వైపు ఆరనే ఆరదు. పరీక్షగా నడిపి చూసేటప్పుడు ఈ ఇండికేటరు విషయాన్ని గమనించటం మంచిది. ఇంత చిన్న సాక్ష్యం ఇంత నిక్కచ్చిగా మాట్లాడే సందర్భాలు అరుదు.

ఇంతవరకు చెప్పినది పాత కార్లకు. ఎయిర్ బ్యాగ్ ఉన్న కార్లలో ఈ చిట్కా ప్రాణాలమీదికి తెస్తుంది. మనదేశంలో 2019 జూలై 1నుంచి తయారయ్యే కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్ బ్యాగ్ తప్పనిసరి అయింది; అంతకుముందే అనేక కార్లకు ఉండేది. అంటే ఇప్పుడు సెకండ్ హ్యాండ్ బజారుకు వస్తున్న కార్లలో చాలావాటి స్టీరింగు లోపల ఒక సంచి మడతపెట్టి ఉన్నది. తిరిగే స్టీరింగుకూ తిరగని కడ్డీ గొట్టానికీ నడుమ ఆ సంచికి విద్యుత్తు అందించేది క్లాక్ స్ప్రింగ్ అనే పలుచని రిబ్బను చుట్ట. గోడ గడియారంలోని స్ప్రింగులా అది ఒక వైపు తిప్పితే బిగుస్తుంది, రెండవ వైపు తిప్పితే వదులవుతుంది. అటూ ఇటూ ఇన్ని చుట్లు అని దానికొక హద్దున్నది. దానిని నడుమకు తెచ్చి స్టీరింగును బిగించకపోతే, ఎప్పుడో ఒకరోజు ఇరుకు చోట కారును పూర్తిగా తిప్పినప్పుడు ఆ రిబ్బను పుటుక్కున తెగిపోతుంది. హారన్ మోగటం మానేస్తుంది. దానితోపాటు ఎయిర్ బ్యాగ్ కూడా మూగబోతుంది. హారన్ సంగతి వెంటనే తెలుస్తుంది. ఎయిర్ బ్యాగ్ సంగతి తెలియవలసిన సమయం వేరే ఉన్నది.

ఒక చిన్న కుటుంబం, చీటీ పాడిన డబ్బుతో, ఎనిమిదేళ్ల వయసున్న కారును మొదటిసారిగా ఇంటికి తెచ్చుకున్నదనుకుందాం. పిల్లల కోసం ఎయిర్ బ్యాగ్ ఉన్నదే కావాలని పట్టుబట్టి, దానికోసం ఇంకొక ముప్పై వేలు ఎక్కువ పోసి ఉండవచ్చును. వారు కొన్నది పది నిమిషాల చిట్కాకు లోనైన కారు అయితే, ఆ ముప్పై వేలకూ వచ్చినది ప్లాస్టిక్ మూత మీద అక్షరాలు మాత్రమే. అందుకే తాళం తిప్పగానే డాష్ బోర్డులో ఎయిర్ బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని క్షణాలకు ఆరిపోతున్నదా అని చూడాలి. ఆరకపోతే లోపమున్నది. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా అనుమానించాలి. దీపాన్నే తీసివేసిన ఘనులుంటారు.

ఇక మూడవ మార్గం, వంగిన భాగాలు. డివైడరు రాయిని ఎక్కించినా, వాననీటిలో కనబడని గుంతలో వేగంగా దింపినా ముందుగా లొంగేది సన్నని టై రాడ్. దాని తర్వాత కింది ఆర్మ్, స్ట్రట్. మెకానిక్కు కిందికి దూరి చూస్తే టై రాడ్ల మీద బయటికి కనిపించే మరల సంఖ్య తెలుస్తుంది. ఎడమన ఎనిమిది, కుడిన తొమ్మిది ఉంటే పరవాలేదు. ఎడమన నాలుగు, కుడిన పదిహేను ఉంటే ఎవరో వంగిన భాగాన్ని మార్చకుండా, దానికి తగినట్లుగా టై రాడ్లను లాగి సర్దారని అర్థం. చక్రాన్ని ఎత్తి, గడియారంలో మూడు, తొమ్మిది అంకెలుండే చోట్ల పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్లు అరిగినదీ లేనిదీ తెలుస్తుంది. పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుని ఊపితే బాల్ జాయింటు, బేరింగుల స్థితి బయటపడుతుంది. ఇరుసునుంచి ఇరుసుకు ఎడమ పక్కన కొలిచిన దూరం, కుడి పక్కన కొలిచిన దూరం కంపెనీ చెప్పిన హద్దును మించి తేడాగా ఉంటే ఆ కారును గౌరవంగా వదిలిపెట్టటం మంచిది.

నేరం వెనుక చక్రాలది కావటం కూడా కద్దు. ఇది చాలామందికి నమ్మశక్యం కాదు. వెనుక ఇరుసు కుడికి చూస్తుంటే అది కారు వెనుక భాగాన్ని కుడికి నెడుతుంది. కారు తిన్నగా పోవాలంటే ముందు చక్రాలను కూడా అదే దిక్కుకు పట్టి ఉంచాలి. అప్పుడు కారు పీతలా కాస్త ఏటవాలుగా నడుస్తుంది, స్టీరింగు కుడికి ఒరుగుతుంది. కట్ట స్ప్రింగులున్న బండ్లలో ఆ కట్టల నడుమ బోల్టు తెగి ఇరుసు జరిగినప్పుడు ఇలా జరుగుతుంది. చిన్న నీటి మడుగులో నుంచి కారును తిన్నగా నడిపి, దిగి, పొడి రోడ్డుమీద పడిన తడి జాడలు చూస్తే చాలు. వెనుక చక్రాల జాడలు ముందు వాటికి ఇరుపక్కలా సమానంగా కాక ఒకే పక్కకు జరిగి ఉంటే సంగతి తేలిపోతుంది. ముందు చక్రాలను మాత్రమే కొలిచే అలైన్‌మెంటు ఈ లోపాన్ని పట్టుకోలేదు. నాలుగు చక్రాలనూ కొలిచేదే చేయించాలి.

వంగినవి మార్చి, అరిగినవి తీసివేసిన తర్వాతనే సర్దుబాటు. స్టీరింగును నడుమన కదలకుండా బిగించి, రెండు టై రాడ్ల లాక్ నట్లు వదులుచేసి, ఒకదానిని ఎంత పొడుగు చేస్తారో రెండవదానిని అంతే పొట్టి చేస్తారు. రెండింటినీ ఒకే కొలతతో, వ్యతిరేక దిశలలో మార్చినందువల్ల చక్రాల పరస్పర కోణమైన టో మారదు. నడుమ మాత్రం జరుగుతుంది. స్టీరింగు ఎడమకు ఒరిగి ఉండి, టై రాడ్లు చక్రాల ఇరుసుకు వెనుకగా ఉన్న కారయితే, ఎడమ రాడ్డును పొట్టి చేసి కుడి రాడ్డును పొడుగు చేయాలి. టై రాడ్లు ఇరుసుకు ముందుంటే ఇందుకు సరిగ్గా విరుద్ధం. ఎంత? స్టీరింగు 16 డిగ్రీలు తిరిగితే చక్రం ఒక డిగ్రీ తిరిగే కారులో ముద్ర 8 డిగ్రీలు ఒరిగి ఉంటే, సరిచేయవలసినది చక్రం దగ్గర అర డిగ్రీ. చక్రాన్ని తిప్పే ఆర్మ్ 12 సెంటీమీటర్లుంటే టై రాడ్ కదలవలసినది ఒక మిల్లీమీటరు. మర పళ్ల నడుమ దూరం ఒకటిన్నర మిల్లీమీటర్లయితే, ఒక్కొక్క రాడ్డును మూడింట రెండు వంతుల చుట్టు తిప్పితే సరి. ఎంత స్వల్పమైన పనో చూడవచ్చును. రాడ్డు తిరిగేటప్పుడు దాని మీది రబ్బరు తొడుగు మెలిపడి చిరగకుండా, ముందే దాని క్లిప్పు వదులు చేయటం మాత్రం మరువరాదు.

ఒక రాడ్డునే తిప్పి ఊరుకునే మెకానిక్కులున్నారు. స్టీరింగు తిన్నబడుతుంది, యజమాని సంతోషిస్తాడు, టో చెడిపోతుంది. ఒక మామూలు చిన్న కారులో మొత్తం టో 3 మిల్లీమీటర్లు తప్పితే ముందు చక్రాలు ఒక్కొక్కటీ ప్రతి కిలోమీటరుకూ సుమారు 2.7 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినట్లు లెక్క. పదివేల కిలోమీటర్లకు 27 కిలోమీటర్లు! టైరు అంచులు రంపపు పళ్లలా తయారయ్యేది ఇందువల్లనే. విద్యుత్తుతో నడిచే పవర్ స్టీరింగు, జారుడును అదుపుచేసే ఏర్పాటు ఉన్న కార్లలో ఇంకొక పని మిగిలి ఉంటుంది. స్టీరింగు కోణాన్ని చదివే సెన్సారుకు కొత్త సున్న ఏదో యంత్రం ద్వారా నేర్పాలి. లేకపోతే కారు తిన్నగా పోతుండగా అది మలుపు తిరుగుతున్నదని భ్రమించే అవకాశమున్నది.

కొనేవారికి కాగితాలు కూడా కొంత చెబుతాయి. ఇన్సూరెన్సు పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఎంత ఉన్నదో చూడాలి. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ చేయని యజమానికి అది నూటికి 50 దాకా పెరుగుతుంది. ఒక్క క్లెయిముతో సాధారణంగా సున్నకు దిగుతుంది. సున్న ఉన్నంత మాత్రాన దెబ్బ తిన్నదని కాదు గాని, ఒరిగిన స్టీరింగు, సున్న బోనస్, కొత్త బంపరు మూడూ ఒకే కారులో కలిస్తే అడగవలసిన ప్రశ్నలు చాలా ఉంటాయి. పుదుపేటలోనైనా మాయాపురిలోనైనా మల్లిక్ బజారులోనైనా పాత టై రాడ్లు, పాత స్టీరింగు ర్యాకులు చవకగా దొరుకుతాయి. సీట్లు, అద్దాలు, తలుపులు అక్కడ కొనుక్కోవచ్చును. స్టీరింగు భాగాలు మాత్రం కొత్తవే వేయించాలి. వాటి పూర్వచరిత్ర ఎవరికీ తెలియదు.

పని పూర్తయిన తర్వాత మంచి మెకానిక్కు కారును ఒకే రోడ్డులో రెండు వైపులా నడిపి చూస్తాడు. ఆ తర్వాత లాక్ నట్లను కంపెనీ చెప్పిన బిగువుకు బిగించి, నట్టు మీదినుంచి రాడ్డు మీదికి తెల్ల రంగుతో ఒక సన్నని గీత గీస్తాడు. అయిదువందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కిందికి వంగి చూసినప్పుడు గీత తెగకుండా ఉంటే నట్టు కదలలేదు. రెండు ముక్కలై పక్కపక్కన కనిపిస్తే, ఆ కారును ఇంటికి కాక నేరుగా షెడ్డుకే, నెమ్మదిగా తీసుకుపోవాలి.